నలభైకీ ఎనభైకీ నడుమ

1వ రోజు. కడియం మీద అంకె: 46

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పోనీ. కుడిచేతికి కడియం తగిలించారు. ఆ చేత్తో కలం పట్టుకుంటే అది పసిగట్టి, ఈ పిల్ల రాయగలదు, పనికొస్తుంది అని అంకె దించేస్తుంది. ఎడమచెయ్యి ఏడేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలోనే సగం చచ్చింది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం లేదు. కాగితాలు పాత విత్తనాల పొట్లాలు. నారు కేంద్రంలో గింజలు ఏరే పనిలో ఉన్నప్పుడు తెచ్చుకున్నవి. తర్వాత అక్కడికి ఏరే యంత్రం వచ్చింది, నేను ఇంటికి వచ్చాను.

పొద్దున అక్క నన్ను తోపుడు బండి మీద సహాయ కేంద్రానికి తీసుకెళ్ళింది. నాకు పాతికేళ్ళు నిండాయి, ఇక చిన్నతనపు కార్డు చెల్లదట. గాజు కిటికీ వెనక మనిషి లేదు, గొంతు మాత్రం ఉంది. "సుంకులమ్మగారూ, మీకు మూడు దారులున్నాయి" అంది ఎంతో మర్యాదగా. ఒంట్లో నూటికి ఎంత పనిచేయడం లేదో కడియం లెక్క కడుతుంది. నలభై లోపు వస్తే పని. అంటే అద్దాల తోటలో నిచ్చెన ఎక్కి ఎండ అద్దాలు తుడవాలి. నలభై నుంచి ఎనభై దాకా ఇంటి భృతి. నీటి వాటా, తిండిగింజలు, నరాల మందు గడపలోకే వస్తాయి. ఎనభై దాటితే నిలయం. "అక్కడ మీరు వేలు కూడా కదపనక్కరలేదు" అంది గొంతు, ఇంకాస్త తియ్యగా.

ఇరవయ్యొక్క రోజులు కడియం చూస్తుంది. ఇరవై రెండో రోజున తూకం ఆఫీసు నుంచి ఒక మనిషి ఇంటికి వచ్చి కళ్ళతో చూసి, కావాలంటే అంకెను ఐదు పెంచుతాడు, లేదా ఐదు తగ్గిస్తాడు. ఆ అంకె ఐదేళ్ళు చెల్లుతుంది. దారులు మూడన్నారు గానీ ఎంచుకునేది నేను కాదు.

నా జబ్బుకు మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటాయి. మంచి రోజున కర్ర పట్టుకుని వీధి చివర కొట్టు దాకా పోయివస్తాను. చెడ్డ రోజున అక్క ఎత్తుకుంటేనే మంచం దిగడం. నా ఖర్మ కొద్దీ ఇవాళ మంచి రోజయింది. నలభై ఆరు. ఐదు తగ్గిస్తే నలభై ఒకటి. నిచ్చెన కనిపిస్తోంది, నాకు భయంగా ఉంది.

2వ రోజు. 46

ఎదురింటి లింగన్న మామ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, అయినా భుజాన బ్రష్షుతో అద్దాల తోట నుంచే వచ్చాడు. పోయినేడు ఆయనకు నలభై నాలుగు వచ్చింది. ఇక భృతి ఖాయమని వీధంతా అనుకున్నాం. ఇరవై రెండో రోజున తూకం మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

మా వీధిలో గడపకు వచ్చిన మనిషికి నిలబడి, కుడిచేత్తో నీళ్ళివ్వాలి. నీళ్ళు వాటాకు వచ్చినప్పటి నుంచి ఆ పట్టింపు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. మామ లేచి, నాలుగడుగులు వేసి, చెంబు అందించాడు. ఆ మనిషి తాగి, దణ్ణం పెట్టి, ముప్పై తొమ్మిది రాసుకుని వెళ్ళిపోయాడు.

"చెంబు ఆయప్ప చేతికిచ్చినాకగానీ, నేను లేసినానని నాకే తెలీలేదు పాపా" అన్నాడు మామ. "నువ్వు మాత్రం కదలగాకు. మంచం దిగగాకు. దేవుడొచ్చినా లేయగాకు."

"దేవుడికీ నీళ్ళియ్యకూడదా మామా?"

"కొలిసేదానికి వచ్చినోడు ఏ రూపంలో వస్తాడో నీకేం తెల్సు" అన్నాడు. నవ్వలేదు.

4వ రోజు. 49

మా వీధివాళ్ళకు ఒకరికి కష్టమొస్తే చేతులు కట్టుకుని కూర్చోవడం రాదు. లింగన్న మామ ఏం చెప్పాడో, పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. పక్కింటి ఓబులమ్మత్త రాగిసంగటి ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. ఒకామె తల దువ్వింది. ఇంకొకామె కాళ్ళు పక్కకు జరిపింది. ముక్కు దురదపెడితే కూడా చెప్పాలట, వాళ్ళే గోకుతారట. పెళ్ళికూతురికి కూడా ఇంత సేవ ఉండదు.

చేతికందే దూరంలో నా కర్ర గోడకు ఆనించి ఉంది. అక్క దాన్ని తీసి అటక మీద పెట్టింది.

మూడు పెరిగింది. వీధంతా సంబరపడింది, నేను కూడా.

6వ రోజు. 53

మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ మాత్రమే రాస్తున్నాను. పొట్లాలు పరుపు కింద, సిరా సీసా మంచంకోడు పక్కన. రెండు వరుసలు రాసేసరికి ఎడమ మణికట్టు పీకుతోంది. మొదటి రోజు ఒక్క వరుసకే పీకింది.

ఇవాళ అక్క గురించి రాయాలనిపించింది. కుళ్ళాయమ్మ అని పేరు, కుళ్ళాయక్కా అంటాను. జ్వరం తగ్గాక నాకు మళ్ళీ నడక నేర్పింది తనే. అప్పటికి తనకు పదమూడేళ్ళు. నా ముందు వెనక్కి నడుస్తూ, గట్టిగా లెక్కపెడుతూ, నిన్నటికంటే ఒక్క అడుగు ఎక్కువ పడితే పిడికిట్లోంచి బెల్లంముక్క తీసేది. "ఇంగొకటి, ఇంగొకటి" అని వేధించేది. నేను ఏడ్చేదాన్ని, అయినా నడిచేదాన్ని. బెల్లానికి ఆశపడి నడిచానని తను ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఇప్పుడు అదే అక్క పనికి పోయేముందు వచ్చి "కదలగాకు పాపా" అని చెప్పి మరీ పోతోంది.

9వ రోజు. 58

నెలకోసారి నిలయం వాళ్ళు తమ దగ్గరున్న మనుషుల్ని తెరమీద చూపిస్తారు. ఓబులమ్మత్త కొడుకు పెన్నయ్య రెండేళ్ళ కిందట ఎనభై ఒకటితో వెళ్ళాడు. అత్త ఒక్కతే చూడలేక మా ఇంట్లో తెర పెట్టించింది.

పెన్నయ్య తెల్లటి దుప్పటి కింద పడుకుని ఉన్నాడు. నవ్వుతున్నాడు. "బాగా చూసుకుంటాండారు. అన్నం బాగుండాది. నువ్వు దిగులు పడగాకు" అన్నాడు.

"నాయనా, నేను పంపిన దుప్పటి అందిందా?" అని అత్త అడిగింది.

"అన్నం బాగుండాది" అన్నాడు.

"ఒక్కసారి చెయ్యి ఎత్తి చూపించురా, సూడాలని ఉండాది."

"నువ్వు దిగులు పడగాకు."

తెర ఆరిపోయింది. పోయిన నెలా ఇవే మూడు మాటలు, అంతకుముందు నెలా ఇవే. పెన్నయ్య వెళ్ళేదాకా కుడిచేత్తో డోలు వాయించేవాడు, ఆ చేతికి ఏ జబ్బూ లేదు. దుప్పటి కింద ఆ చెయ్యి ఉన్నచోట ఎత్తుగా కూడా లేదు. అత్త అది చూడలేదనుకుంటాను. లేదా చూసి చెప్పలేదు.



12వ రోజు. 64

లింగన్న మామ వేళ్ళు మడిచి లెక్కపెట్టి "ఐదు తీసేసినా యాభై తొమ్మిది, నీకింక ఢోకా ల్యా" అన్నాడు. ఎవరో బొరుగుల ఉండలు పంచారు. నా నోట్లో కూడా ఒకటి పెట్టారు.

ఉండ నములుతుంటే తోచింది. నేను కదలకుండా ఉంటే పెరగాల్సింది ఎంత? ఐదు, ఆరు. ఇది పద్దెనిమిది పెరిగింది. ఇంకా పెరుగుతూనే ఉంది.

14వ రోజు. 70

మధ్యాహ్నం ఎవరూ లేరు. మంచం అంచుకు జరిగి కాళ్ళు కిందికి దించుదామనుకున్నాను. ఊరికే చూద్దామని. ఎడమకాలు దిగింది. కుడికాలు దిగలేదు. నాకున్న మంచి కాలు అదే. లెమ్మన్నాను, లేవలేదు. చేత్తో పట్టి లాగుదామంటే కుడిచెయ్యి దుప్పటి మీంచి జానెడు లేచి వణికి పడిపోయింది.

నేను నటిస్తున్నాననుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం. కాళ్ళకు నటన అని ఎవరు చెప్పారు?

అందరం నలభై వైపే చూశాం. అవతల ఎనభై కూడా ఉందని ఎవరికీ గుర్తులేదు, ఓబులమ్మత్తకు కూడా.

15వ రోజు. 73

అక్క పని నుంచి రాగానే చెప్పేశాను. ఒంటి మీది దుమ్ము కూడా దులుపుకోకుండా మంచం పక్కన కూలబడింది.

"ఎంత?"

"డెబ్బై మూడు."

"మరి కదులు! ఇప్పటినించీ కదులు!"

"కదలడం ల్యాక్కా. నిజంగానే కదలడం ల్యా."

నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ వంచింది. నూనె రాసింది. కాసేపటికి "నేనే గదా కర్ర తీసి అటక మీద పెట్టింది" అంది. పెట్టింది తనే. పెట్టమని మనసులో అనుకున్నది నేను.

17వ రోజు. 76

సాయానికి ఎవర్నీ రావద్దని అక్క వీధికంతా చెప్పింది. కొంతమందికి కోపం వచ్చింది. ఓబులమ్మత్తకు రాలేదు. ఆమె గుమ్మంలో నిలబడి నా ముఖం చూసి, ఏం జరిగిందో అడగకుండానే తెలుసుకుని, చెంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత పనులన్నీ మానుకుని మా ఇంట్లోనే ఉంది. నా కాళ్ళు పట్టి వంచుతోంది, చాపుతోంది. కర్ర అటక దిగింది.

రెండుసార్లు నిలబెట్టారు. రెండుసార్లూ వాళ్ళే నిలబడ్డారు, నేను వేలాడాను.

19వ రోజు. 78

ఇవాళ అత్త బయటికి పోయినప్పుడు ఒంటరిగా లేవబోయి పడ్డాను. కింద పడ్డచోట నుంచి కడియం కనిపిస్తోంది. డెబ్బై ఎనిమిది. పెన్నయ్య దుప్పటి గుర్తుకొచ్చింది. కుడిచెయ్యి అవసరం లేదని వాళ్ళకు ఎప్పుడు అనిపించి ఉంటుంది? పెన్నయ్యను అడిగి ఉంటారా? అడిగితే "అన్నం బాగుండాది" అని ఉంటాడా?

నేలమీద పడి ఏడ్చాను. పక్క ఇంటికి వినపడేలా ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

21వ రోజు. 79

కొంచెం నయం. కర్ర ఊతంతో, గోడను ఆనుకుని, మూడడుగులు వేశాను. కానీ కడియం మూడడుగులకు లొంగేలా లేదు. రేపు మధ్యాహ్నం మూడు తర్వాత మనిషి వస్తాడని కబురు వచ్చింది. అతను ఐదు పెంచితే ఎనభై నాలుగు. తగ్గిస్తే డెబ్బై నాలుగు. ఏమీ చేయకపోతే డెబ్బై తొమ్మిదితో ఇంట్లోనే ఉంటాను. అయితే తూకంవాళ్ళు ఏమీ చేయకుండా వెళ్ళారని మా వీధిలో ఎప్పుడూ వినలేదు.

అక్క సగం పూట సెలవు పెట్టింది. రెండింటికల్లా ఇంట్లో ఉంటానంది.

22వ రోజు.

మూడింటికి అన్న మనిషి పదిన్నరకే వచ్చాడు. అక్క అద్దాల తోటలో పనిలో ఉంది. ఓబులమ్మత్త వాటా నీళ్ళ వరసలో ఉంది. నేను పరుపు మీద కూర్చుని, నిన్నటి పొట్లం వెనక ఇంకో వరుస రాస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. పొట్లం పరుపు కిందికి తోశాను. సిరా సీసాకు మూత పెట్టే వ్యవధి లేక మంచం కిందికి నెట్టాను.

"సుంకులమ్మ అంటే నువ్వేనామ్మా? తూకం ఆఫీసు నుంచి. మౌలాలి నా పేరు."

యాభై ఏళ్ళుంటాయి. బయట దుమ్ముగాలి. కనుబొమలు, మీసం అన్నీ ఎర్రగా ఉన్నాయి. గడప పక్కన అరుగు మీద కూర్చుని, పెదాలు తడుపుకుని, చేతి సంచిలోంచి తూకం పెట్టె తీశాడు. నీళ్ళు అడగలేదు. మా వీధిలో ఎవరూ అడగరు, ఇస్తారని తెలుసు.

కుండ గోడ దగ్గరుంది. మంచానికి మూడడుగులు. కుండ నుంచి గడపకు ఇంకో మూడు.

ఇరవై రోజుల కిందట ఇదే పని చేస్తే నన్ను నిచ్చెన ఎక్కించేవాళ్ళు. ఇవాళ చేయకపోతే దుప్పటి కప్పుతారు. కర్ర అందుకుని, కుడిచేత్తో దాన్ని నొక్కి పట్టి లేచాను. ఒకటి. కుడి మోకాలు మడత పడింది, గోడ ఆపింది. రెండు. "ఇంగొకటి, ఇంగొకటి" అని అక్క గొంతు చెవుల్లో వినిపించింది. మూడు.

కుండ దగ్గర నిలబడ్డాక తెలిసింది. కర్ర వదిలితే పడిపోతాను. కుడిచెయ్యి కర్రకే చాలడం లేదు. చెంబు పట్టడానికి మిగిలింది ఎడమచెయ్యి. చచ్చిన చెయ్యి. పైగా ఎడమచేత్తో నీళ్ళిచ్చి ఎవరినీ గడప దాటించిన ఇల్లు కాదు మాది.

చెంబును ఎడమచేత్తో కుండలో ముంచాను. వేళ్ళు పట్టుకున్నాయి. నాకే ఆశ్చర్యమేసింది. ఇరవయ్యొక్క రోజులుగా ఒళ్ళంతా పడుకుంటే పనిచేసింది ఆ చెయ్యి ఒక్కటే. సగం నిండిన చెంబు బరువుకు మణికట్టు వణికింది గానీ వదల్లేదు. మూడడుగులు. దారిలో కొంత ఒలికింది. గడప దగ్గరికి చేరి చెంబు చాపాను.

"ఎడమచెయ్యి. తప్పుగా అనుకోగాకు అన్నా. ఇంగో చెయ్యి ఖాళీ లేదు."

మౌలాలి చెంబు వైపు చూశాడు. తర్వాత కర్ర వైపు. తర్వాత లేచి నిలబడ్డాడు. నీళ్ళు తాగేవాళ్ళు లేచి నిలబడటం మా దగ్గర ఎప్పుడూ లేదు. రెండు చేతులతో చెంబు అందుకుని, చుక్క మిగలకుండా తాగాడు.

చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు అతని చూపు నా వేళ్ళ మీద ఆగింది. బొటనవేలికీ చూపుడువేలికీ సిరా.

"ఎడమచెయ్యి పూర్తిగా పడిపోయిందని కాగితంలో ఉండాది" అన్నాడు నెమ్మదిగా.

రాయగలదని తెలిస్తే ఐదు కాదు, మొత్తం తిరగదోడతారు. నారు కేంద్రం లెక్కల గదిలో కూర్చోబెడతారో, మోసం చేసిందని ఇంకెక్కడికి పంపుతారో. "ఏమో అన్నా" అన్నాను.

గాలికి తలుపు కొట్టుకుంది. "ఈ పెట్టె కడియం ఉన్న చేతినే చూడమంటాది" అన్నాడు. "ఆ చెయ్యి కర్ర పట్టుకుని ఆరడుగులు నడిచింది. నేను చూసింది అంతే." పెట్టె మీద ఏదో నొక్కాడు. నా కడియం మీద అంకె మారింది. 74.

గడపలోనే కూర్చుండిపోయాను.

"ఇంగొక మాట తల్లీ" అన్నాడు సంచి భుజాన వేసుకుంటూ. "కడియం తీయరు. ఈ అంకె నుంచి ఐదు పైకి పోయినా, ఐదు కిందికి పోయినా మళ్ళా తూకం. పైకి పోతే నిలయం. కిందికి పోతే, ముందు మోసం చేసిందని రాసి, ఆ తర్వాత నిచ్చెన. అరవై తొమ్మిదికీ డెబ్బై తొమ్మిదికీ నడుమ ఉండాల నువ్వు. ఐదేండ్లు."

"నాకు నయమైతే?"

"ఆ వేళ్ళు కడుక్కో" అని మాత్రం అన్నాడు. "వచ్చేసారి వచ్చేవాళ్ళకు దాహం అయి ఉండకపోవచ్చు."

రెండింటికి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. 74 చూసి నన్ను వాటేసుకుని ఊపేసింది. మిగతాది రేపు చెబుదామనుకున్నాను.

60వ రోజు. 70

ఓబులమ్మత్త రోజూ కాళ్ళు వంచి చాపుతోంది, నరాల మందు ఇంటికే వస్తోంది, తిండికి లోటు లేదు. ఒళ్ళు మెల్లగా తిరిగి వస్తోంది. అదే భయం. నిన్న డెబ్బై ఒకటి, ఇవాళ డెబ్బై.

పొద్దున లేచేసరికే తెలిసింది, ఇవాళ మంచి రోజు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇలాంటి రోజున మునుపైతే వీధి చివర కొట్టుకు పోయి బెల్లం కొనుక్కుని తింటూ వచ్చేదాన్ని. కాళ్ళు బిగుసుకుపోకుండా రోజూ కొంత నడవాలి, కడియం ఒప్పుకునేంత వరకే నడవాలి. ఎన్నడుగులో పడుతూ లేస్తూ మేమే తేల్చుకున్నాం. పది.

అక్క చిన్నప్పటిలాగే నా ముందు వెనక్కి నడుస్తోంది. గట్టిగా లెక్కపెడుతోంది. ఏడు. ఎనిమిది. ఆ అడుగు గుమ్మం దగ్గర పడింది. బయట ఎండ, వీధి, లింగన్న మామ ఇంటి ముందు ఆరేసిన బ్రష్షు. తొమ్మిది. నాకు ఆయాసం లేదు, కర్ర మీద బరువు కూడా వేయడం లేదు. పది.

"చాలు పాపా" అంది అక్క. కళ్ళు తుడుచుకోలేదు, నా వైపే చూస్తూ ఉంది. పిడికిట్లో ఏమీ లేదు.

పదకొండోది పడేది. పాదం లేచింది కూడా. మళ్ళీ ఉన్నచోటే దించాను.